ఆనందించలేకపోతే పాపమా, ఫాదర్‌గారూ?



ఆగమనకాలం మూడవ ఆదివారం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ రోజు గురువు ఊదారంగు వస్త్రాలు పక్కన పెట్టి గులాబీరంగు వస్త్రాలతో బలిపీఠం దగ్గరకు వస్తారు. ముందు వరుసలో కూర్చున్న పిల్లలు "ఇవాళ ఫాదర్‌గారి బట్టలు మారాయే" అని గుసగుసలాడుకుంటారు. ఆ ఆదివారానికి తిరుసభ పెట్టుకున్న పేరు ‘గౌదేతే’. అది లతీను మాట, ‘ఆనందించండి’ అని అర్థం. ఎప్పుడూ ప్రభువునందు సంతోషంగా ఉండమని పునీత పౌలు ఫిలిప్పీయులకు ఒకసారి చెప్పి, చాలదన్నట్టు మళ్ళీ చెప్పిన మాట (ఫిలి. 4:4) నుంచే ఆ పేరు వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం అలాంటి ఒక ఆదివారం అంగలకుదురులో పూజ చేశాను. ప్రసంగం బాగానే చెప్పాననుకున్నాను. క్రైస్తవుడి ముఖం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలన్నాను. ఏడుపు ముఖం పెట్టుకున్నవాడు ప్రభువుకు సాక్షి ఎలా అవుతాడని కూడా అడిగాను. పూజ అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా ఒక తల్లి తలుపు పక్కన నిలబడి ఉంది. అప్పటికి ఎనిమిది నెలల క్రితం ఆమె కొడుకు మోటారు సైకిలు మీద గుంటూరు బయలుదేరి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆమె పేరు చెప్పను. గుర్తుపట్టేందుకు వీలున్న వివరాలు కొన్ని మార్చాను కూడా.

"ఫాదర్‌గారూ, నేను ఆనందించలేకపోతున్నాను. అది పాపమా? పాపసంకీర్తనంలో చెప్పుకోవాలా?" అని అడిగింది.

"ప్రార్థన చేసుకోమ్మా. ప్రభువే ఆనందం ఇస్తాడు" అన్నాను. అని, వస్త్రాలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాను. సెమినరీలో తత్వశాస్త్రం చదివి పట్టా తీసుకున్నవాడు ఇచ్చిన జవాబు అది. మరుసటి ఆదివారం ఆమె పూజకు రాలేదు. క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు కూడా రాలేదు.

ఆమె అడిగిన ప్రశ్న మన విచారణల్లో చాలా ఇళ్ళలో ఉంది. పైకి అడిగేవాళ్ళు తక్కువ. ఈ రోజుల్లో మైదానాల్లో జరిగే కూటాల్లో సాక్ష్యాలు వినండి. అప్పు తీరింది, ఆనందం. వీసా వచ్చింది, ఆనందం. నడుం నొప్పి పోయింది, ఆనందం. దేవుడిచ్చిన మేలును పదిమందిలో చెప్పుకోవడం తప్పని నేననను. అయితే అప్పు తీరనివాడు, వీసా రానివాడు, నొప్పి తగ్గనివాడు అదే పందిట్లో చివరి చాప మీద కూర్చుని ఉంటాడు. వాడికి ఏమర్థమవుతుంది? నా విశ్వాసం తక్కువ కనుక నాకు ఆనందం రాలేదని అర్థమవుతుంది. బిడ్డ పోయిన దుఃఖానికి తోడు విశ్వాసం లేదన్న నింద కూడా నెత్తిన పడుతుంది. ఆ ఆదివారం నా ప్రసంగం చేసిన పని కూడా అదే. అందుకే ఈ పాఠం.

ఉప్పెన తరువాతి ఆదివారాలు

మన ప్రాంతంలో యాభై దాటినవాళ్ళకు 1977 తుఫాను గురించి చెప్పనక్కరలేదు. నాకప్పుడు ఆరేడేళ్ళు. తలుపు ఎగిరిపోకుండా ఇంట్లో మగవాళ్ళంతా వీపులు ఆనించి కూర్చోవడం, తెల్లవారాక బయటకు వస్తే తాటిచెట్లు వరసగా ఒకే వైపుకు పడి ఉండడం, ఈ రెండే గుర్తున్నాయి. దివిసీమను సముద్రం ముంచేసింది. రేపల్లె, బాపట్ల తీరాలు కూడా దెబ్బతిన్నాయి. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. లెక్కకు రానివారు ఎందరో ప్రభువుకే తెలుసు.

ఆ తల్లికి సరైన జవాబు వెతుక్కుంటూ ఒకనాడు నేను ఆ ఏడాది పూజా పంచాంగం లెక్కవేశాను. తుఫాను తీరం దాటినది 1977 నవంబరు 19, శనివారం. మరునాడు ఆదివారం, నవంబరు 20, క్రీస్తురాజు పండుగ. నాలుగు రోజుల క్రితం దాకా పండుగకు తోరణాలు సిద్ధం చేసుకున్న ఊళ్ళలో ఆ ఉదయం శవాలు వెతుక్కుంటున్నారు. తిరుసభ ఆ ఏటి క్రీస్తురాజు పండుగకు నియమించిన సువిశేషం ఏమిటో తెలుసా? ప్రభువు రాజసింహాసనం మీద కూర్చుని తీర్పు తీర్చే ఘట్టం కాదు. లూకా 23వ అధ్యాయం. రాజు సిలువమీద వేలాడుతున్నాడు. పక్కన మరొకడు వేలాడుతూ తనను జ్ఞాపకం ఉంచుకోమని అడుగుతున్నాడు. ఆ రోజే తనతోపాటు పరలోకంలో ఉంటావని ప్రభువు వాడికి మాట ఇస్తున్నాడు (లూకా 23:35-43). ఆ ఉదయం ఎన్ని ఊళ్ళలో పూజ జరిగిందో, ఎన్ని చోట్ల పైకప్పు మిగిలిందో నేను చెప్పలేను. ఆనాటి పఠనం మాత్రం అది.

అక్కడి నుంచి మూడు వారాలు లెక్కపెట్టండి. డిసెంబరు 11. ఆగమనకాలం మూడవ ఆదివారం, ఆనందించండి అని తిరుసభ చెప్పే ఆదివారం. ఉప్పెన వచ్చి ఇరవై రెండు రోజులైంది. పొలాల మీద ఉప్పునీరు నిలిచిన మరకలు ఆరలేదు. గుడిసెలు లేవలేదు. ఆ స్థితిలో ఉన్నవాళ్ళకు గులాబీరంగు వస్త్రం ఎలా కనబడి ఉంటుంది? వెక్కిరింపులా కనబడలేదా? నేనే ఆనాటి గురువునైతే ఏం ప్రసంగం చేసేవాణ్ణి?

ఆనాటి పఠనాలు చూస్తే ఆ వస్త్రం రంగుకు అర్థం మారిపోతుంది. పఠనాల మూడేళ్ళ చక్రంలో ఆ ఏటి ఆగమనంతో ‘ఏ’ సంవత్సరం మొదలైంది. మొదటి పఠనం యెషయా 35వ అధ్యాయం: ఎడారి పూస్తుంది, దుఃఖం, నిట్టూర్పు పారిపోతాయి. అయితే ప్రవక్త మధ్యలో ఒక పని చెబుతాడు. బలహీనమైన చేతులకు బలమివ్వండి, తడబడే మోకాళ్ళను నిలబెట్టండి అంటాడు. బలహీనులను మీరు ఆనందించండి అని గద్దించడు. పక్కవాళ్ళకు పని పెడతాడు. రెండవ పఠనం యాకోబు లేఖ 5వ అధ్యాయం. తొలకరి వానకూ కడవరి వానకూ ఎదురుచూస్తూ ఓపికతో ఉన్న సేద్యగాడు అందులో కనిపిస్తాడు. ఉప్పు తేలిన చేను ముందు కూర్చున్న రైతుకు అది చదివి వినిపించారంటే, వ్యాఖ్యానం అక్కరలేదు.

సువిశేషం మత్తయి 11వ అధ్యాయం. నేను ఆగి చదువుకోవలసింది ఇదే. స్నాపక యోహాను చెరసాలలో ఉన్నాడు. తల్లి గర్భంలోనే ఆనందంతో గంతులు వేసినవాడు (లూకా 1:44). పెండ్లికుమారుడి స్వరం విని తన ఆనందం నిండిపోయిందని చెప్పుకున్నవాడు (యోహాను 3:29). ఆనందం అంటే ఏమిటో అతనికి తెలిసినంత మరెవరికి తెలుసు? అలాంటివాడు చీకటి గదిలోనుంచి శిష్యులను పంపి, రావలసినవాడివి నీవేనా, మేము ఇంకొకరి కోసం చూడాలా అని అడిగించాడు. ఆ గదిలో యోహాను పాటలు పాడలేదు. అనుమానం కూడా దాచుకోలేదు. ప్రభువు అతణ్ణి కోప్పడ్డాడా? నీ విశ్వాసం ఏమైందని అడిగాడా? లేదు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, వెళ్ళి చెప్పండి అన్నాడు. ఆ శిష్యులు వెళ్ళిపోతుండగా జనం వైపు తిరిగి, స్త్రీలకు పుట్టినవారిలో యోహానును మించినవాడు లేడని మెచ్చుకున్నాడు. అంటే ఆనందించండి అని తిరుసభ చెప్పే ఆదివారాన తిరుసభే మన ముందు నిలబెట్టిన మనిషి ఆనందించలేకపోతున్న మనిషి. అతని ప్రశ్నకు ప్రభువు ఇచ్చినది మెప్పు.

ఈ పఠనాలను రోములో ఏర్పాటు చేసినవారికి దివిసీమ పేరు కూడా తెలిసి ఉండదు. మన కోసం ఎవరూ ఎంచి పెట్టలేదు. ఇప్పటికీ మూడేళ్ళకొకసారి అవే పఠనాలు వస్తాయి. నేను గురువునైన నాటి నుంచి ఎన్నోసార్లు చదివాను. ఒక తల్లి అడిగేదాకా అవి నాకు వినబడలేదు.

ప్రేమకు పుట్టిన బిడ్డ

ఇప్పుడు కాస్త శాస్త్రం చెప్పుకుందాం. విసుగు పడకండి, పొడిగించను.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దపు వేదపండితుడు. ఆయన సుఖానికీ ఆనందానికీ తేడా చెప్పాడు. సుఖం శరీరానికి నచ్చినది దొరికితే కలుగుతుంది. పశువులకు కూడా ఉంటుంది. ఆనందం బుద్ధితో ఒక మేలును మేలుగా గుర్తించి, అది నాది అని మనసు నిలిచినప్పుడు కలుగుతుంది. ఆకలివేళ అన్నం సుఖం. అదే అన్నం పక్కింటి పిల్లాడు తింటుంటే చూడడం ఆనందం. మనకు రెండూ కావాలి. కానీ ఒకటి మరొకటి కాదు.

ఆయన ఇంకొక ప్రశ్న వేసుకున్నాడు. ఆనందం అనేది ఒక పుణ్యగుణమా? విశ్వాసం, నిరీక్షణ, ప్రేమలాగా దానికి విడిగా ఒక పీట ఉందా? లేదన్నాడు. ఆనందం ప్రేమ చేసే పని, ప్రేమకు పుట్టిన బిడ్డ. పౌలు కూడా పవిత్రాత్మ ఫలాలు చెప్పేటప్పుడు ముందు ప్రేమ, ఆ వెంటనే ఆనందం అంటాడు (గలతీ. 5:22). దీనివల్ల మనకొచ్చే లాభం ఏమిటంటే, ఆనందాన్ని నేరుగా పట్టుకోబోతే అది దొరకదని తెలుస్తుంది. నవ్వు నవ్వు అని ఫొటోగ్రాఫరు కేక వేస్తే పళ్ళు కనబడతాయి, అంతే. ప్రేమించమని ఆజ్ఞ ఇవ్వవచ్చు, ప్రభువు ఇచ్చాడు కూడా. ప్రేమ ఉన్నచోట ఆనందం తన సమయానికి తాను వస్తుంది.

అయితే ప్రేమకు మరో బిడ్డ కూడా ఉంది. ప్రేమించినవాళ్ళు పక్కన ఉంటే ఆనందం, లేకపోతే దుఃఖం. రెండూ ఒకే తల్లి పిల్లలు. కొడుకు కోసం ఏడుస్తున్న తల్లిలో ప్రేమ తగ్గిందని ఎవరనగలరు? లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏడ్చాడు. ఇంకాసేపట్లో లేపబోతున్నాడు, అది తెలిసి కూడా ఏడ్చాడు. తన ఆనందం శిష్యులలో నిండాలని ప్రభువు చెప్పినది (యోహాను 15:11) ఏ కానా పెళ్ళిపందిట్లోనో కాదు. పట్టుబడబోయే రాత్రి చెప్పాడు.

పౌలు సంగతి చూడండి. ఎప్పుడూ ఆనందించమన్న ఆ లేఖ సంకెళ్ళలో ఉండి రాశాడని అందరం చెబుతాం. అదే లేఖలో రెండు అధ్యాయాలు వెనక్కి వెళితే ఎపఫ్రొదీతు అనే తోటి పనివాడు చావుబతుకుల్లో పడ్డ సంగతి ఉంది. అతడు చనిపోయి ఉంటే నాకు దుఃఖం మీద దుఃఖం కలిగేది, దేవుడు నన్ను కనికరించాడు అని పౌలు రాసుకున్నాడు (ఫిలి. 2:27). దుఃఖం మీద దుఃఖం అంటే ముందే ఒక దుఃఖం ఉందన్నమాట. ఆ మనిషే రెండు అధ్యాయాల తరువాత ఆనందించమన్నాడు. నేను ఆ నాలుగో అధ్యాయం ఒక్కటే చదివి ప్రసంగం చేశాను.

జగద్గురువులు 6వ పౌలుగారు 1975 మే 9న క్రైస్తవ ఆనందం గురించే ఒక లేఖ రాశారు. పేరు ‘గౌదేతే ఇన్ దోమినో’. సుఖానికి కావలసిన సాధనాలు ఎన్నయినా పెంచుకోగలిగిన ఈ కాలం ఆనందాన్ని మాత్రం పుట్టించలేకపోతోందని ఆయన ఆనాడే గమనించారు. మన ఊళ్ళకు అప్పటికింకా టీవీలు రాలేదు! 2025లో పరమపదించిన జగద్గురువులు ఫ్రాన్సిస్‌గారు 2013లో ‘సువిశేష ఆనందం’ అనే ఉపదేశ పత్రంలో, పాస్కా లేని తపస్కాలంలా బ్రతికే క్రైస్తవులున్నారని కాస్త ఘాటుగానే అన్నారు. ఆ వెంటనే మరొక మాట చేర్చారు. జీవితంలో అన్ని వేళలా ఆనందం ఒకే తీరులో కనబడదనీ, తీవ్రమైన బాధలు పడ్డవారి దుఃఖం తనకు అర్థమవుతుందనీ, అలాంటప్పుడు కూడా లోపల ఒక గట్టి నమ్మకంగా అది మెల్లగా మేలుకుంటుందనీ రాశారు. మొదటి మాట అందరూ చెప్పుకుంటారు. రెండోది చదివేవాళ్ళు తక్కువ.

దివిసీమకు ఉప్పెన తరువాత మదర్ తెరెసాగారు వచ్చారు. ఆమె సభ కన్యకలకు మూడు లక్షణాలు నియమంగా పెట్టుకున్నారు: దేవునికి పూర్తిగా అప్పగించుకోవడం, ప్రేమతో నమ్మడం, ఉల్లాసంగా ఉండడం. ముఖం వేలాడేసుకుని పేదవాడి దగ్గరకు వెళ్ళకూడదని ఆమె పట్టుదల. ఆమె నవ్వు చూసినవాళ్ళంతా ఈ తల్లికి ప్రార్థనలో ఎంత మాధుర్యం ఉందో అనుకున్నారు. ఆమె 1997 సెప్టెంబరు 5న కన్నుమూశారు. పదేళ్ళ తరువాత, 2007లో, ఆమె ఆత్మోపదేశకులకు రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా వచ్చినప్పుడు లోకం నిర్ఘాంతపోయింది. కలకత్తా మురికివాడల్లో పని మొదలుపెట్టిన కొద్దికాలం నుంచే ఆమెకు ప్రార్థనలో దేవుని సన్నిధి తెలియడం మానేసింది. ఆ చీకటి దాదాపు చివరిదాకా ఉంది. అంటే 1977లో మన కృష్ణా తీరానికి వచ్చి పిల్లలను ఎత్తుకున్న చేతుల వెనుక పాతికేళ్ళకు పైబడిన చీకటి ఉంది.

అప్పుడు ఆ నవ్వు నటనా అని కొందరు అడిగారు. కాదు. అది అనుభూతి నుంచి పుట్టిన నవ్వు కాదు, అంతే. ప్రేమించాలని నిర్ణయించుకున్న మనసు నుంచి పుట్టింది. అందరికీ ఆ దారి దేవుడివ్వడు. కావాలని అడగవద్దు కూడా. తిరుసభ ఆమెను 2016 సెప్టెంబరు 4న పునీతురాలిగా ప్రకటించింది. ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదని బెంగపడే మన అక్కలకూ అమ్మలకూ ఆమె దొరకడం నాకు పెద్ద ఊరట.

నిలబెట్టుకోవడం

ఆనందం దొరకడం ఒక ఎత్తు, నిలవడం ఒక ఎత్తు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల కొండకు వెళ్ళి వచ్చేవాళ్ళను చూడండి. మరియతల్లి ముందు కన్నీళ్ళు పెట్టుకుంటారు, మనసు దూదిపింజ అవుతుంది. తిరుగు రైల్లో సీటు దగ్గరే తగవు మొదలు. తెనాలి స్టేషను వచ్చేసరికి తోడికోడళ్ళకు మాటలుండవు. నవ్వకండి, గురువులం కూడా తిరునాళ్ళ మర్నాడు అలాంటివాళ్ళమే.

ఆనందాన్ని తినేసే పురుగును పూర్వీకులు ఏడు మూల పాపాలలో ఒకటిగా లెక్కపెట్టారు. మనం దాన్ని సోమరితనం అని జపాల పుస్తకంలో నేర్పుతాం. ఆ మాటతో తెల్లవారుజామున లేచేవాళ్ళందరూ అది నాకు లేదనుకుంటారు. పునీత తోమాసు చెప్పిన అర్థం వేరు: దేవుని మేలే మనకు బరువుగా, చేదుగా అనిపించడం. తెల్లవారింది మొదలు పరుగులు తీసేవాడికి కూడా ఇది ఉండవచ్చు. జపమాల అంటే భారం. పూజ ఎప్పుడు అవుతుందా అని గడియారం. అన్నదమ్ములతో గట్టు తగాదా రాజీ చేద్దామని పెద్దలు వస్తే లోపల కోపం, ఎందుకంటే ఆ పగ వదలడం ఇష్టం లేదు. పక్కింటివాళ్ళకు మేలు జరిగితే మనసు మూలన నొప్పి. ఇప్పుడు చేతిలో ఫోను ఒకటి. అందరి పెళ్ళిళ్ళూ కార్లూ అందులో చూసి, పడుకునేటప్పటికి మన ఇల్లు మనకే చిన్నబోతుంది. ఇది దుఃఖం కాదు. దుఃఖంలో ప్రేమ ఉంటుంది, ఇందులో ప్రేమ ఆరిపోతుంది. పాపసంకీర్తనంలో చెప్పుకోవలసినది ఇది.

దుఃఖానికి మాత్రం పునీత తోమాసు ఎంత ఇంటిమనిషిలా మందు చెప్పాడో వింటే ఆశ్చర్యపోతారు. ఏడవండి అన్నాడు. స్నేహితులను దగ్గర ఉండనివ్వండి అన్నాడు. మనసుకు నచ్చిన మంచి విషయం ఏదైనా ఉంటే కాదనకండి, సత్యాన్ని ధ్యానించండి అన్నాడు. నిద్రపోండి, స్నానం చేయండి అని కూడా ఆ మహాపండితుడు తన గొప్ప గ్రంథంలో రాశాడు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగనప్పుడు పక్కిళ్ళవాళ్ళు అన్నం తెచ్చి, లేవలేని ఇల్లాలికి నీళ్ళు పోసి, నాలుగు ముద్దలు తినిపించి పడుకోబెడతారే, మన నాయనమ్మలు ఏ లతీనూ చదవకుండానే ఇది చేశారు.

ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, ఏ పని మీదా మనసు పోకపోవడం, నేనుండి ఎందుకు అన్న తలపు రావడం జరుగుతుంటే అది జబ్బు కావచ్చు. జబ్బుకు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. చక్కెర వ్యాధికి మందు వేసుకోవడం విశ్వాసలోపం కానప్పుడు ఇది కూడా కాదు. ప్రభుత్వం 2022 నుంచి 14416 నంబరు మీద మానసిక ఆరోగ్య సహాయం ఇస్తోంది; ఫోను చేసేవాళ్ళను ఎగతాళి చేయకండి. పురుగుమందు డబ్బా ఇంట్లో చేతికందే చోట ఉంచకండి. ఇది కూడా విచారణ గురువు చెప్పవలసిన మాటే.

ఇక పునీత ఇగ్నాసివారు ఎండిపోయిన కాలానికి ఒక నియమం పెట్టారు. మనసు చీకటిగా ఉన్నప్పుడు, వెలుగులో ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాలను మార్చవద్దు. సాయంత్రం ఇంట్లో అయిదు నిమిషాల కుటుంబ ప్రార్థన ఉంటే, రుచి లేదని తీసేయవద్దు. వీలైతే ఒక నిమిషం పెంచమంటారాయన. ఆ చీకటి మన నిర్లక్ష్యం వల్ల రావచ్చు, దేవుడు మనలను పరీక్షించడం వల్ల రావచ్చు, ఆనందం మన సంపాదన కాదు వరప్రసాదమని తెలియడానికి కూడా రావచ్చునని ఆయన చెప్పారు. ఏది మనదో వెంటనే తెలియదు. తెలిసేదాకా చేస్తున్న పని మానకుండా ఉండడమే.

జనవరి చివరలో నేను ఆ తల్లి ఇంటికి బయలుదేరాను. ఆ గుమ్మం ఎక్కడానికి నాకు ఆరు వారాలు పట్టింది, ఏం మాట్లాడాలో తెలియక. దారిలో వాళ్ళ కౌలు చేలో ఆమె భర్త కనిపించాడు. మోకాలెత్తు మినుము పూతకు వచ్చి ఉంది. ఈ మధ్య మిషను కోతలొచ్చి, పల్లాకు తెగులు దెబ్బతీసి చాలామంది మొక్కజొన్నకు మారారు, అతను మారలేదు. బాగుందయ్యా చేను అన్నాను.

"వరి కొయ్యకముందే చల్లేశాం ఫాదర్‌గారూ. కోసినాక చల్లితే తేమ ఉండదుగా" అన్నాడు. తరువాత, "ఏటా మావాడే చల్లేవాడు" అన్నాడు.

నేను ఈ ఊళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ణే. మినుము అలాగే చల్లుతారని నాకు తెలుసు. వరి ఇంకా నిలబడి ఉండగానే, కాళ్ళకింద బురద ఉండగానే విత్తనం పడాలి. కోతవాళ్ళు దాన్ని తొక్కుతారు. మళ్ళీ నీరు పెట్టరు. వరికి పెట్టిన నీటిలో నేల దాచుకున్న తేమ, రాత్రి కురిసే మంచు, ఆ రెండింటితోనే పంట వస్తుంది. నేను ఆ తల్లిని దుఃఖం కోత పూర్తిచేసి, చేను శుభ్రం చేసుకుని, అప్పుడు రమ్మన్నాను. వాళ్ళు ఆ డిసెంబరులోనే, దుఃఖం నిలువునా ఉండగానే, విత్తనం చల్లారు.

ఇంట్లో ఆమె టీ పెట్టి ఇచ్చింది. ఆ రోజు నేనిచ్చిన జవాబు తప్పు, మీరడిగినది పాపం కాదు అని చెప్పాను. స్నాపక యోహాను చెరసాలలోనుంచి పంపిన ప్రశ్న గురించి, ప్రభువు అతణ్ణి మెచ్చుకోవడం గురించి చెప్పాను. ఆమె మొత్తం విని, "అయితే ఆయన్ని జైల్లోంచి బయటికి తెచ్చారా?" అని అడిగింది.

ఏదైనా మెత్తగా చెబుదామనుకున్నాను. కుదరలేదు. "లేదమ్మా. అక్కడే తల తీశారు" అన్నాను.

చాలాసేపు ఊరుకుంది. "ఇవాళ నిజం చెప్పారు" అంది. అప్పుడు ఏడ్చింది. అతను చేలోనుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ముగ్గురం ఒక జపమాల చెప్పుకున్నాం. దుఃఖపు రహస్యాలు మొదలుపెట్టింది ఆమే.

మరుసటి ఆదివారం ఆమె పూజకు వచ్చింది. వెనుక వరుసలో కూర్చుంది. పాటలు పాడలేదు, దివ్యసత్ప్రసాదం తీసుకుంది. పూజ అయ్యాక నాతో మాట్లాడకుండానే గబగబా మెట్లు దిగుతోంది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ ఉంది. ఎక్కడికమ్మా అంటే, చెరువుకట్ట దిగువన ఒక ఇంట్లో మొన్న శుక్రవారం మనిషి పోయాడని, అక్కడ పొయ్యి వెలిగించలేదని చెప్పింది.